గృహవిజ్ఞానము: రాగిపలకపై కాంతిపొర



మా మర్కూక్‌లో విజ్ఞాన ప్రదర్శనమునకై మా అమ్మాయి యొక చిన్న దీపయంత్రమును గూర్చుచు, దానికి వలయు సర్క్యూట్ బోర్డును ఇంటనే చేయ బూనెను. బోర్డనగా గాజునార పలకపై నంటించిన పలుచని రాగిరేకు. విద్యుత్తు పాఱవలసిన గీతలను నిలిపి, తక్కిన రాగిని ఫెర్రిక్ క్లోరైడు ద్రవమున కరగింతురు. ఆ గీతలను కాపాడునది ఫొటోరెసిస్టు పొర. 1968లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ దీనిని రిస్టన్ అను పేర విక్రయమునకు దెచ్చెను.

మొదటి బోర్డు చెడినది. తప్పు నాదే. బిడ్డ తలకు నూనె వ్రాసి, ఆ చేతితోనే తోమిన పలకను పట్టుకొంటిని. నూనె యంటినచోట పొర లేచి, ద్రవము క్రిందికి చొచ్చి, గీత తెగిపోయెను. దీపము వెలుగలేదు, బిడ్డ మాటాడలేదు. మఱునాడు మఱల మొదలిడితిమి.

పలకను సబ్బుతో, సన్నని పీచుతో తోమి కడుగవలెను. నీరు చుక్కలుగా విడిపోక యంతటను సమముగా పఱచుకొన్నచో శుభ్రమైనట్లు. తుడిచి యారబెట్టి, అంచులను మాత్రమే పట్టవలెను.

ఎండ సోకని గదిలో పసుపుపచ్చని దీపము క్రింద పొరను కత్తిరింపుడు. దానికి రెండు ప్రక్కల రక్షకపు తొడుగు లుండును. మూలకు ఇరువైపుల జిగురుపట్టీ నంటించి లాగినచో లోపలి మెత్తని తొడుగు ఊడివచ్చును. పొరను ఒక అంచునుండి మెల్లగా వ్రేలితో నొత్తుచు, గాలిబుడగ నిలువకుండ అంటింపవలెను. పైన కాగితము పఱచి, మితమైన వేడిగల ఇస్త్రీపెట్టెను నెమ్మదిగా నడుపుడు. వేడి మించిన పొర ముడుతలు పడును.

పలక చల్లారిన పిదప చిత్రపు ఫిలిమును దానిపై నుంచి అతినీలలోహిత కాంతి చూపవలెను. వెలుగు సోకినచోట పొర గట్టిపడును. కావున ఫిలిముపై గీతలు తెల్లగను, తక్కినది నల్లగను ఉండవలెను. అప్పుడే పైతొడుగును తీయుడు, ముందు కాదు. పిమ్మట లీటరు గోరువెచ్చని నీట 10 గ్రాముల చాకలిసోడా కలిపి, మెత్తని కుంచెతో రుద్దిన, వెలుగు సోకని భాగము కరగిపోవును. వంటసోడా దీనికి పనికిరాదు.

ఫెర్రిక్ క్లోరైడు లోహపు పాత్రలను తినివేయును. ప్లాస్టిక్ పళ్లెరమునే వాడి, దానిని మఱల వంటింట చేర్పకుడు. రబ్బరు చేతితొడుగులు, కంటియద్దములు తప్పనిసరి. 2020లో గోదావరి నీరు చేరిన కొండపోచమ్మ సాగరము మాకు దాపుననే యున్నది. రాగి కరగిన ద్రవము చేపలకు విషము గనుక కాలువలో పోయక వేఱు సీసాలో దాచితిమి.

రెండవ బోర్డుతో దీపము వెలిగెను. పిల్లలిట్టి పనికి బూనినప్పుడు వలదనకుడు. చేతులు కడుగుకొని ప్రక్కన నిలువుడు.