జవాబు సరే, అన్వయం ఏదీ?

గడి నింపడం పూర్తికాగానే చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. తరువాత జవాబులు వెలువడినప్పుడు తమవి ఎన్ని సరిపోయాయో లెక్క చూసుకుంటారు. అంతటితో ఆ గడి కథ కంచికి చేరుతుంది. ఈ పద్ధతి నాకు రుచించదు. గూఢమైన ఆధారాలతో కట్టిన గడిలో జవాబు సగం పని మాత్రమే. ఆ ఆధారంలోంచి ఆ మాట ఎలా పుట్టిందో ప్రతిపదార్థంతో చెప్పగలిగినప్పుడే దాన్ని సాధించినట్టు. చెప్పలేకపోతే ఊహించినట్టే. అడ్డమూ నిలువూ కలిసినంత మాత్రాన ఊహ సాధన కాదు.

చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను. "తల తిరిగిన తీగ (2)". తీగ అన్నది అర్థం. 'తల'ను తిప్పితే 'లత'. మూడు మాటల్లో ఒక్కటీ వృథాపోలేదు.

ఇంకొంచెం ముదురుది చూడండి: "నవల చెదిరి పంచమి అయింది (3)". పంచాంగం తిరగేసేవారికి ఇది దొరకదు. విభక్తులు వల్లెవేసినవారికి చటుక్కున దొరుకుతుంది. వలన, కంటె, పట్టి అనేవి పంచమీ విభక్తి ప్రత్యయాలు. 'నవల'లోని మూడక్షరాలూ స్థానాలు మారితే 'వలన'. తిథిని చూపించి విభక్తిని దాచడమే ఇందులో చమత్కారం. ఇదే ఆధారాన్ని ఇంకాస్త అందంగా చేద్దామని ఎవరైనా "నవల పుటలు చెదిరాయి పంచమి నాడు" అన్నారనుకోండి. చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ 'పుటలు' ఎందుకు? 'నాడు' ఎందుకు? వాటికి అన్వయం లేదు. పద్యంలో ఇలాంటివాటిని పాదపూరణమంటాం. అలంకారశాస్త్రంలో అధికపదమని దానికో దోషమే ఉంది. గణాలకోసం తంటాలు పడే పద్యకవిని ఒకోసారి క్షమించవచ్చు గాని, గడి కట్టేవారికి ఏ గణబంధమూ లేదు. వారిని క్షమించనవసరం లేదు.

గడి పాశ్చాత్యుల సరుకే. ఆర్థర్ విన్ కట్టిన మొదటి గడి 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది. అందులో ఉన్నవి సూటి ఆధారాలు. వాటికి శ్లేషను ఎక్కించి క్రిప్టిక్ చేసినవారు ఆంగ్లేయులు. అబ్జర్వర్ పత్రికలో టార్కెమాడా అనే మారుపేరుతో పొవిస్ మేదర్స్ 1926 నుంచి కట్టిన గడులు కొరకరాని కొయ్యలు. ఆయన గతించాక 1939లో ఆ పీఠం ఎక్కిన డెరిక్ మెక్‌నట్ తన పేరు జిమెనెజ్ అని పెట్టుకున్నాడు. ఇద్దరివీ స్పెయిన్‌లో మతవిచారణ జరిపిన అధికారుల పేర్లే! మెక్‌నట్ వృత్తిరీత్యా గ్రీకు, లాటిన్ బోధించిన బడిపంతులు. ఆధారంలో అర్థం ఉండాలి, దానికి దారితీసే సూచన ఉండాలి, మరేమీ ఉండకూడదన్న క్రమశిక్షణను 1966లో పుస్తకంగా రాసిపెట్టాడు. పాఠం చెప్పడం అలవాటైనవాడు గనుకనే అన్వయం కోసం అంత పట్టుబట్టాడని నా నమ్మకం.

అయితే ఆంగ్ల పద్ధతులన్నీ మనకు దిగుమతి కావు. వారి గడిలో ఒక్కో చదరంలో ఒక్కో లిపి సంకేతం. మన గడిలో అక్షరం. గుణింతంతో, ఒత్తులతో సహా 'స్త్రీ' కూడా ఒక్క చదరమే. 'న'ను 'నా' చేసుకోవడానికి వీల్లేదు. అందుకని పొడుగాటి వాక్యాన్ని కలగాపులగం చేసి మరో వాక్యం పుట్టించడం వారికి సులువు, మనకు దుర్లభం. ఈ లోటు తీర్చడానికి మనకు వేరే సంపద ఉంది: సంధులు, సమాసాలు, విభక్తులు, పర్యాయపదాలు, ఆఖరికి సంగీత స్వరాలు. "కలం నడుమ మధ్యమం పెడితే తామర (3)" చూడండి. మధ్యమం అంటే 'మ' అనే స్వరం. దాన్ని 'కలం' నడుమ ఉంచితే 'కమలం'. చదరాలు నాలుగైతే ఈ ఆధారం పనికిరాదు. 'కలము', 'కమలము' అని ము వర్ణకంతో మొదలుపెట్టాలి.

అన్వయం రాస్తేనే బయటపడే పేచీలు కొన్ని ఉంటాయి. "పరమానందంలో దాగిన లక్ష్మి (2)". ప-రమా-నందం. 'రమా' దొరికింది కదా అని నింపేస్తాం. కానీ సంస్కృతంలోని ఆకారాంత స్త్రీలింగ పదం తెలుగులోకి వచ్చేసరికి హ్రస్వమవుతుంది. మన లక్ష్మి 'రమ'. ఆధారంలో 'సంస్కృత లక్ష్మి' అని ఒక్క మాట చేర్చి ఉంటే తగువే లేదు. జవాబుల పట్టిక మాత్రమే ఇస్తే ఈ సంగతి ఎవరి దృష్టికీ రాదు. అన్వయం రాయడం మొదలుపెడితే కట్టినవారికే ముందు తడుతుంది. వివరణ చదివేవారికి ఎంత అవసరమో, కట్టేవారికి అంతకన్నా అవసరం అనడానికి కారణం ఇదే.

మన తాతలు ఈ విద్య ఎరగనివారు కారు. అరవైనాలుగు కళల్లో ప్రహేళిక ఒకటి. దండి కావ్యాదర్శంలో పదహారు రకాలు చెప్పాడు. పదాల సంధిలో అర్థాన్ని దాచేదానికి సమాగత అని పేరు. పూర్వాచార్యులు దుష్ట ప్రహేళికలు పద్నాలుగని లెక్కించారట. దోషాలకు లెక్కెక్కడిదని దండి వాటి జాబితా ఇవ్వనేలేదు. లక్షణం లేనిది చెడ్డదని ఊరుకున్నాడు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నా, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నా ఈ వంశానికి చెందినవే.

గడులు కట్టే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. జవాబు పక్కన ఒక్క వాక్యం అన్వయం రాయండి. రాయలేని ఆధారాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. నింపే మిత్రులకు ఇదిగో ఒకటి: "రాత్రి కానప్పుడు వైరాలు (3)". జవాబు తేలికే. జవాబొక్కటే రాస్తే మాత్రం సగం మార్కులు.