సముద్రపు గాలి సుఖమా? కొండగాలి సుఖమా?



ఎండలు ముదిరితే చాలు, నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలో పెద్దవారు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "అయ్యగారూ, కొడుకు విశాఖకు రమ్మంటున్నాడు, కూతురు బెంగళూరికి రమ్మంటోంది. ఈ ముసలి ప్రాణానికి ఏ ఊరు సుఖం?" ఉన్న ఇల్లు అమ్ముకొని పోవలసిన మాట గనుక దీనికి తొందరపడి జవాబు చెప్పరాదు.

మనవి నల్లమల, ఎర్రమల కొండల నడుమ, కుందూ నది పారే ఊళ్లు. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. సముద్రం దూరం, ఊరికి ఎత్తూ లేదు. అయితే మనది పొడి ఎండ. పట్టిన చెమట త్వరగా ఆరిపోతూ ఒంటిని చల్లబరుస్తుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే.

సముద్రం మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది. అందుచేత విశాఖలో మే నెల పగటి వేడి సాధారణంగా 35 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, చలికాలమూ వణికించదు. కాని గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, రాత్రి కూడ ఉక్కపోత వదలదు. గుండెజబ్బు గలవారికి ఆ ఉక్కే పెద్ద భారం.

ఇక ఎత్తైన ఊళ్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ 1,200 మీటర్లకు పైనే. పగలు ఎండ కాసినా రాత్రికి చల్లబడి కంటినిండా నిద్ర పడుతుంది. మదురై మైదానంలోని వేడికీ జ్వరాలకూ తాళలేక అమెరికా మిషనరీలు 1845లో కొడైకెనాల్ కొండమీద ఇళ్లు కట్టుకొన్నారు. అయితే జనవరి తెల్లవారుజాము చలి ఉబ్బసం ఉన్నవారికీ, కీళ్లనొప్పుల వారికీ పరీక్షే.

మనవాళ్లు సాధారణంగా ఏం చేస్తారో గమనించండి. క్రిస్మస్ సెలవులకు విశాఖ పోయి "ఎంత హాయి!" అంటారు. వేసవి సెలవులకు బెంగళూరు పోయి అదే మాట అంటారు. రెండు ఊళ్లనూ వాటి మంచి రోజుల్లోనే చూసి వస్తారు. సంవత్సరమంతా ఉండవలసినవారు చెడ్డ నెలను చూడాలి. విశాఖలో మే నెల, బెంగళూరులో జనవరి నెల గడిపి చూడండి. రాత్రి నిద్ర పట్టిందా? ఆయాసం పెరిగిందా? పలకరించే మనిషి దొరికాడా? అంతవరకు ఇక్కడి ఇల్లు అమ్మకండి.

బిడ్డలారా, పెద్దలను పిలవడం మంచిదే. ఏ నెలలో రమ్మంటున్నారో అదీ ఆలోచించండి. ఎక్కడికీ పోలేనివారు మన వీధిలోనే ఉన్నారు. వడగాలి వీచే మధ్యాహ్నం ఒంటరిగా ఉన్న అవ్వ తలుపు తట్టి, ఒక చెంబు మజ్జిగ ఇచ్చి రండి.