చెక్కు ఇవ్వడం తేలిక, తిట్లు తినడం కష్టం

రేసు డ్రైవర్లు చేసిన సేవ గురించి మాట వస్తే మన గ్రూపుల్లో ముందు వినిపించే పేరు మైకేల్ షూమాకర్. 2004 సునామీ బాధితులకి కోటి డాలర్లు ఇచ్చాడు. గొప్ప విషయమే, కాదనను. ఆ సునామీ మన కోస్తాని కూడా తాకింది కాబట్టి ఇంకాస్త దగ్గరగా అనిపిస్తుంది. కానీ రేసింగ్‌లో అందరికంటే ఎక్కువ సేవ చేసింది ఎవరని నన్ను అడిగితే జాకీ స్టీవర్ట్ అంటాను. ఆయన చేసిన అతి పెద్ద సేవకి రసీదు లేదు, ఫోటో లేదు. ఆ పని చేస్తున్నంత కాలం ఆయనకి దక్కింది తిట్లే.

మనలో చాలామందికి ఈయన రేసుల దగ్గర టీవీలో కనిపించే గళ్ళ టోపీ తాత మాత్రమే. కెరీర్ చూస్తే కళ్ళు తిరుగుతాయి. స్కాట్లాండ్‌లో గ్యారేజీ నడిపే ఇల్లు. 1965లో ఎఫ్‌వన్‌లోకి వచ్చి అదే ఏడాది మోంజాలో గెలిచాడు. 1969, 1971, 1973లో వరల్డ్ ఛాంపియన్. 99 రేసుల్లో 27 విజయాలు. ఆ రికార్డుని అలాన్ ప్రోస్ట్ దాటేసరికి 1987 వచ్చింది.

అసలు కథ 1966లో, బెల్జియంలోని స్పా ట్రాక్ మీద మొదలైంది. అప్పటి స్పా అంటే 14 కిలోమీటర్ల మామూలు రోడ్డు. పక్కన ఇళ్ళు, చెట్లు, కరెంటు స్తంభాలు. మొదటి ల్యాప్‌లోనే వాన పడింది. గంటకి 260 కిలోమీటర్లు దాటిన వేగంలో స్టీవర్ట్ కారు జారిపోయి రోడ్డు కిందకి పడింది. ఇంజిన్ ఆగింది గానీ ట్యాంకు పగిలి పెట్రోల్ ఒంటి మీద కారుతోంది. స్టీరింగ్ వీల్ అడ్డుపడి బయటికి రాలేడు. దగ్గర్లోనే కారు జారి ఆగిపోయిన ఇద్దరు డ్రైవర్లు, గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్, పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ చేతుల్లో ఏమీ లేవు. ఒక ప్రేక్షకుడి కారులోంచి స్పానర్ అడిగి తెచ్చి స్టీరింగ్ విప్పారు. సుమారు 25 నిమిషాలు ఆయన పెట్రోల్‌లో నానుతూ కూర్చున్నాడు. ఒక్క నిప్పురవ్వ పడితే అంతే. తర్వాత ఫస్ట్ ఎయిడ్ గదిలో సిగరెట్ పీకలు పడున్న నేల మీద స్ట్రెచర్ పెట్టి పడుకోబెట్టారు. ఆస్పత్రికి బయల్దేరిన అంబులెన్స్ దారి తప్పింది! సినిమాలో పెడితే ఓవర్‌గా ఉందని మనమే అంటాం.

వేరే ఎవరైనా అయితే "దేవుడి దయ" అనుకుని తర్వాతి రేసుకి వెళ్ళిపోయేవాళ్ళు. అప్పట్లో అందరూ చేసింది అదే. స్టీవర్ట్ మాత్రం ఆ రోజు ఏమేం ఫెయిల్ అయ్యాయో ఒక్కొక్కటీ పట్టుకున్నాడు. స్పానర్ దొరకలేదా, ఇకనుంచి కారులోనే స్టీరింగ్‌కి ఒక స్పానర్ టేపు వేసి పెట్టుకున్నాడు. డాక్టర్ లేడా, సొంత ఖర్చుతో రేసులకి తీసుకెళ్ళాడు. సీటు బెల్టులు కావాలన్నాడు, ట్రాక్ పక్కన బ్యారియర్లు కావాలన్నాడు, సరైన వైద్య బృందం కావాలన్నాడు. మన భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం క్రాష్ అయితే రీస్టార్ట్ చేసి వదిలెయ్యకుండా లాగ్స్ మొత్తం చదివిన మనిషి.

ట్రాక్ యజమానులకి ఇది నచ్చలేదు. ఖర్చు కదా! 1969లో డ్రైవర్లు ఒప్పుకోకపోవడంతో స్పా రేసు రద్దయింది. 1970లో జర్మన్ రేసు నూర్బుర్గ్‌రింగ్ నుంచి హాకెన్‌హైమ్‌కి మారింది. రెండింటి వెనకా స్టీవర్ట్ ఉన్నాడు. ఇక మొదలు. పిరికివాడన్నారు, ఆటలో మజా చంపేస్తున్నాడన్నారు. డెనిస్ జెంకిన్సన్ లాంటి పేరున్న రేసింగ్ జర్నలిస్టులే ఎద్దేవా చేశారు. మన దగ్గర అయితే "చాదస్తం" అనేవాళ్ళు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. 1968లో అదే నూర్బుర్గ్‌రింగ్‌లో, 22 కిలోమీటర్లకు పైగా ఉండే ల్యాప్‌లో, కుండపోత వానలో, ముందు కారు కూడా కనిపించని పొగమంచులో, దెబ్బ తిన్న మణికట్టుతో ఆయన 4 నిమిషాల తేడాతో గెలిచాడు. సెకన్లు కాదు, నిమిషాలు. కాబట్టి పిరికివాడు అనే మాట ఎక్కడా అతకలేదు. చివర్లో వచ్చే డ్రైవర్ ఎవరైనా ఇదే మాట అడిగి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్ళు. గెలుపుతో వచ్చిన పరపతిని ఆయన ఈ గొడవ మీద ఖర్చు పెట్టాడు. నా దృష్టిలో దానం అంటే అది. డబ్బులు మళ్ళీ సంపాదించుకోవచ్చు, పోయిన పాపులారిటీ అంత తేలిగ్గా రాదు.

అయినా చావులు ఆగలేదు. 1970లో ఒక్క ఏడాదిలో బ్రూస్ మెక్‌లారెన్, పియర్స్ కరేజ్, యోహెన్ రింట్ పోయారు. 1973లో వాట్కిన్స్ గ్లెన్‌లో స్టీవర్ట్ తన నూరో రేసు ఆడి రిటైర్ అవుదామనుకున్నాడు. ముందు రోజు ప్రాక్టీసులో తమ్ముడిలా చూసుకున్న టీమ్‌మేట్ ఫ్రాంస్వా సెవెర్ చనిపోయాడు. నూరో రేసు ఆడలేదు. లెక్క 99 దగ్గరే ఆగిపోయింది.

2020 బహ్రెయిన్ రేసు వీడియో మీరందరూ చూసే ఉంటారు. మొదటి ల్యాప్‌లో రోమెన్ గ్రోజాన్ కారు బ్యారియర్‌లోకి దూసుకెళ్ళి భగ్గుమంది. 28 సెకన్లు మంటల్లో ఉండి నడుచుకుంటూ బయటికొచ్చాడు. మొదటి ల్యాప్‌లో మెడికల్ కారు వెనకే వెళ్ళాలనే పద్ధతి ఉంది కాబట్టి క్షణాల్లో డాక్టర్ అక్కడున్నాడు. ఆ పద్ధతి గానీ, తల కాపాడిన హేలో గానీ స్టీవర్ట్ కనిపెట్టినవి కావు. వాటి వెనక చాలామంది ఉన్నారు. కానీ 1966 మొదటి ల్యాప్‌నీ ఈ మొదటి ల్యాప్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మధ్యలో ఎవరో ఒకరు ముందుగా నోరు తెరిచారని అర్థమవుతుంది.

మామూలు అర్థంలో సేవ కూడా చేశాడు. 1987లో ఎఫ్‌వన్ మెకానిక్‌ల కోసం ఒక ట్రస్టు పెట్టాడు. పోడియం ఎక్కని, గ్రీజు పూసుకున్న చేతుల వాళ్ళ కోసం. చదువు ఎక్కక చిన్నప్పుడే బడి మానేసిన ఆయనకి డిస్లెక్సియా ఉందని 41వ ఏట తెలిసింది, అదీ కొడుకుకి పరీక్ష చేయించినప్పుడు. అన్నేళ్ళూ తను మొద్దునని నమ్మాడట! ఆ తర్వాత డిస్లెక్సియా స్కాట్లాండ్‌కి అధ్యక్షుడయ్యాడు. రేసుల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఆయన ల్యాపులు లెక్కేసిన భార్య హెలెన్‌కి 2014లో డిమెన్షియా అని తేలింది. 2016లో ఆయన రేస్ అగెనెస్ట్ డిమెన్షియా మొదలుపెట్టాడు. యువ శాస్త్రవేత్తలకి నిధులివ్వడం, ఎఫ్‌వన్ టీములు పనిచేసే వేగాన్ని ల్యాబుల్లోకి తేవడం దాని పని.

ఒక ఫ్రెండ్ అన్నాడు, "అన్నీ తనకి తగిలిన దెబ్బలే కదా, ఇందులో సేవ ఏముంది?" అని. నిజమే, ప్రతిదీ సొంత నొప్పి నుంచి వచ్చిందే. కానీ బగ్ రిపోర్టు బాగా రాసేది ఆ బగ్ తగిలినవాడే. తను తప్పించుకున్నాక ఆ రిపోర్టు రాయాల్సిన అవసరం లేదు కదా? రాశాడు. చాలామంది రాయరు.

మన దగ్గర సేవ అంటే బ్యానర్, గెస్టు, గ్రూప్ ఫోటో. రక్తదాన శిబిరం పెడితే చప్పట్లు పడతాయి, పడాలి కూడా. హెల్మెట్ లేకుండా ట్రిపుల్స్ ఎక్కుతున్న ఫ్రెండ్‌ని ఆపితే మాత్రం "ఏం కాదులే రా" అనే మాట వస్తుంది. ఆ "ఏం కాదులే"తోనే స్టీవర్ట్ ఏళ్ళ తరబడి కొట్లాడాడు.

ఈసారి ఫెస్ట్‌లో మెకానికల్ వాళ్ళు సొంతంగా చేసిన గో-కార్ట్‌లు నడుపుతున్నారు. టైర్ల గోడ ఎవరు వేస్తున్నారు, మంటలార్పే సిలిండర్ ఎక్కడ ఉంటుంది, అంబులెన్స్ ఏ గేటు నుంచి వస్తుంది అని వాలంటీర్ల గ్రూపులో అడిగాను. నాలుగు నవ్వే ఎమోజీలు వచ్చాయి. సాయంత్రం ఒక సీనియర్ అక్క విడిగా మెసేజ్ పెట్టింది: వెనక గేటుకి ఎప్పుడూ తాళం ఉంటుంది, ఆ రోజు తీసి ఉంచమని సెక్యూరిటీకి తనే చెప్తానని.