కంచే చేను మేసినప్పుడు

ఒంటిమీద నీటిపొక్కులు లేచినంతనే పల్లెలలో పెద్దలకు మొదట స్ఫురించేది అమ్మవారు. పది పదిహేను రోజులలో పొక్కులు మాడిపోతే ఆ ఊహ సరియైనదే. కాని నోటిలో పుండ్లతో మొదలై, నెలలు గడచినా మానక, ఛాతీకీ వీపుకీ ప్రాకి, తాకితే చితికిపోయే మెత్తని బొబ్బలుగా పరిణమించే వ్యాధి వేరొకటి ఉన్నది. దాని పేరు పెంఫిగస్. ఇది అంటువ్యాధి కాదు. బస్తరు అడవులలోనైనా, మహానగరంలోనైనా దీనికి కారణం రోగి రక్తంలోనే ఉన్నది.

చర్మపు పైపొరలోని కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది డెస్మోగ్లీన్ అనే మాంసకృత్తు. క్రిములను ఎదుర్కొనే ప్రతిరక్షకాలను తయారుచేసేవి తెల్లకణాలలోని బి-కణాలు, వాటి సంతతియైన ప్లాస్మా కణాలు. అయితే ఇందుకు సాధారణంగా సహాయక టి-కణాల ప్రోద్బలం కావాలి. స్వపరభేదం మరచిన కొన్ని టి-కణాలు డెస్మోగ్లీన్‌ను పరాయిదిగా ఎంచగా, బి-కణాలు దానిపైనే ప్రతిరక్షకాలను వదులుతాయి. కణాల మధ్య పట్టు సడలుతుంది. ఆ సందులో నీరు చేరి బొబ్బ అవుతుంది. 1964లో బ్యూట్నర్, జోర్డాన్ అనే శాస్త్రజ్ఞులు రోగుల రక్తంలో ఈ ప్రతిరక్షకాలను గుర్తించారు. వాటిని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించగా వాటికీ బొబ్బలు లేచినవని 1982లో వెల్లడైంది. దోషి ఎవరో అంతటితో తేలిపోయింది.

వృద్ధులలో ఎక్కువగా కనిపించే పెంఫిగాయిడ్ దీనికి జ్ఞాతి. అందులో ప్రతిరక్షకాలు పైచర్మం లోచర్మంతో అతికే చోట చేరి, న్యూట్రోఫిల్, ఇసినోఫిల్ కణాలను రప్పిస్తాయి. అవి విడిచే రసాయనాలు అతుకును ఛేదిస్తాయి. పైచర్మం మొత్తం కప్పుగా ఉండటంచేత ఈ బొబ్బలు బిగువుగా ఉంటాయి; దురద దుర్భరం.

స్టెరాయిడ్లు రాకపూర్వం పెంఫిగస్ సోకినవారిలో అత్యధికులు మరణించేవారు. 1980 దశకంలో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ పస్రీచా ప్రవేశపెట్టిన చికిత్సలో 28 రోజులకొకసారి వరుసగా మూడు రోజులు మందు నరంలోకి ఎక్కిస్తారు. ఇటీవలి మందు రిటుక్సిమాబ్. అది బి-కణాలనే ఏరివేస్తుంది. పెంఫిగస్‌కు దానిని వాడేందుకు 2018లో అమెరికా అనుమతించింది.

ఇవన్నీ కావలిని తగ్గించే ఉపాయాలే. బస్తరులో చిక్కు ఇక్కడ ఉన్నది. అక్కడ మలేరియా ఉన్నది, క్షయ ఉన్నది. ఒంటిలో అణగి ఉన్న క్షయ ఈ మందులవల్ల విజృంభించవచ్చు. ముందుగా పరీక్షించక తప్పదు. పెంఫిగస్‌లో కొందరికి ఇచ్చే డాప్సోన్, జి-6-పి-డి అనే ఎంజైము లోపించినవారిలో ఎర్రకణాలను పగులగొడుతుంది. ఆ లోపం మధ్యభారతపు గిరిజన తెగలు కొన్నింటిలో హెచ్చు. జగదల్‌పూర్‌లో 2006లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది, నిజమే. అయినా మారుమూల గూడెంలోని కూలీకి నెలనెలా మూడు రోజుల ఆస్పత్రి వాసమంటే, దారి రోజులు కలుపుకొని వారం కూలి పోయినట్లే. నడుమ మానివేస్తే వ్యాధి తిరగబెడుతుంది. మందు ఎంత గొప్పదన్న ప్రశ్నకంటే అది రోగికి ఎంత అందుతుందన్న ప్రశ్నే పెద్దదని నాకు తోస్తుంది.

పెంఫిగాయిడ్ రోగులకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉన్నది. బ్రిటన్, జర్మనీలలో 253 మందిపై జరిపి 2017లో ప్రకటించిన పరిశోధనలో డాక్సీసైక్లిన్ మాత్రను స్టెరాయిడ్‌తో పోల్చిచూశారు. ఆరు వారాలకు స్టెరాయిడ్ నూటికి 91 మందిలో, డాక్సీసైక్లిన్ 74 మందిలో బొబ్బలను అదుపుచేసింది. కాని ఏడాదిలో మందు మూలంగా తీవ్రమైన కీడు స్టెరాయిడ్‌తో నూటికి 36 మందికి కలుగగా, డాక్సీసైక్లిన్‌తో 18 మందికే కలిగింది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లే సంస్థలో కనుగొన్న ఆరియోమైసిన్ కుటుంబానికి చెందినదే ఈ మందు. ధర తక్కువ, నోటితో మింగేది; సూది అక్కరలేదు. పెంఫిగస్‌కు మాత్రం అది ఒక్కటే చాలదు.