కోర్టు గుమ్మంలో మామూళ్లు: అర్జీ పెట్టడానికి భయమెందుకు?

గత నెల మండల కమిటీ సమావేశంలో ఒక రైతు లేచి తన గోడు చెప్పుకున్నాడు. కాలువ కింద పోయిన రెండెకరాలకు కోర్టు పరిహారం పెంచింది. సొమ్ము కోర్టులో జమ కూడా అయింది. చెక్కు చేతికి రావాలంటే మాత్రం నూటికి ఇంతని ముట్టజెప్పాలన్నారట. అర్జీ పెట్టావా అని అడిగితే సభలో సగం మంది నవ్వారు. "కోర్టు మీద కోర్టుకే అర్జీనా అన్నా?" అన్నారు.

ఆ నవ్వు మనందరినీ ఆలోచింపజేయాలి. పాసుపుస్తకానికి లంచమడిగితే తహసీల్దారు ఆఫీసు ముందు బైఠాయించే మనం, కోర్టులో మాత్రం నకలుకింత, నోటీసు తెచ్చిన అమీనాకింత అని అడగకముందే ఇస్తున్నాం. దానికి మామూలు అని పేరు కూడా పెట్టుకున్నాం. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఫిర్యాదు చేస్తే కోర్టు ధిక్కారం కింద జైల్లో వేస్తారన్నది మనవాళ్ల పెద్ద భయం. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 6వ సెక్షన్ ఏం చెబుతోందో తెలుసుకోవాలి. కింది కోర్టు న్యాయాధికారి గురించి సదుద్దేశంతో హైకోర్టుకు చెప్పుకుంటే అది ధిక్కారం కాదు. అదే మాటను ఆధారం లేకుండా వాట్సాప్‌లోనో, మైకు ముందో అంటే చిక్కుల్లో పడతాం. కాబట్టి చెప్పాల్సినచోటే చెప్పాలి.

రెండో సంగతి. తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చినంత మాత్రాన జడ్జిగారు తప్పు చేసినట్టు కాదు. తీర్పు నచ్చకపోతే దారి అప్పీలే. డిక్రీ మీద జిల్లా కోర్టుకు 30 రోజుల్లో, హైకోర్టుకైతే 90 రోజుల్లో వెళ్లాలి. ఫిర్యాదు పెట్టామని ఈ గడువు ఆగదు. దీన్ని మరిచి, అర్జీకి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే భూమి చేజారుతుంది. డబ్బు అడగడం, ఎదుటి పక్షంతో లాలూచీ పడటం, కులం పేరెత్తి అవమానించడం, ఫైలు మాయం చేయడం వేరు. ఫిర్యాదు చేయాల్సింది వీటి మీద.

సిబ్బంది మీదైతే జిల్లా ప్రధాన న్యాయమూర్తికి, న్యాయాధికారి మీదైతే హైకోర్టు విజిలెన్స్ రిజిస్ట్రార్‌కు రాయాలి. ఆంధ్ర రైతులు అమరావతికి, తెలంగాణ రైతులు హైదరాబాద్‌కు పంపాలి. ఆకాశరామన్న ఉత్తరాలు బుట్టదాఖలే. న్యాయాధికారులపై ఫిర్యాదుకు అఫిడవిట్, సరిచూసుకోదగ్గ ఆధారాలు ఉండాలని 2014లోనే భారత ప్రధాన న్యాయమూర్తి హైకోర్టులకు లేఖ రాశారు. అందుకే కేసు నంబరు, తేదీ, ఎవరు, ఎంత అడిగారు, పక్కనెవరున్నారు అన్నవి ఆ రోజే నోటుబుక్కులో రాసుకోండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

లంచం అడిగితే ఇవ్వకముందే ఏసీబీకి 1064 నంబరుకు ఫోన్ చేయండి. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. అయితే బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వారి మీద నేరం ఉండదు.

ఇంతా చేసి ఒంటరి రైతు ధైర్యం చేయలేడని మాకు తెలుసు. వాయిదాకు మళ్లీ ఆ బల్ల ముందే నిలబడాలి కదా! అందుకే ప్రతి మండల కమిటీ ఇద్దరు కార్యకర్తలను ఈ పనికి కేటాయించాలి. అర్జీ రాసిపెట్టాలి, వాయిదా రోజున వెంట వెళ్లాలి. కోర్టుల్లో నిజాయితీగా పనిచేసేవారు ఎందరో ఉన్నారు. మన అర్జీ వారికీ బలమే. ఆధారం లేని నింద మాత్రం ఎవరి మీదా వేయొద్దు.

పెంచిన పరిహారం మన భూమికి వెల. అందులో ఎవరికీ వాటా లేదు. ఆ రైతు అర్జీ మీద ఈ నెలలోనే సంతకం పడాలి. వెనుక మనముండాలి.