చప్పట్లు సరే, హక్కుల మాటేమిటి?

1947 ఆగస్టులో స్వాతంత్ర్యోదయ వేళ ఎర్రకోట వద్ద షెహనాయి మోగించినవారు ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్. 2001లో దేశం ఆయనను భారతరత్నతో సత్కరించింది. ఆ మరుసటి ఏడాదే, 2002 గుజరాత్ మారణకాండలో, వడోదరలోని ఉస్తాద్ ఫయ్యాజ్ ఖాన్ సమాధిపై అల్లరిమూకలు దాడిచేశాయి. బరోడా ఆస్థాన గాయకుడు, ‘ఆఫ్తాబ్-ఎ-మౌసీఖీ’ బిరుదాంకితుడు అయిన ఆ మహావిద్వాంసుడు 1950లోనే కన్నుమూశారు. ఎవరికీ ఏ అపకారమూ తలపెట్టని గాయకుని గోరీని కూడా ద్వేషం వదిలిపెట్టలేదు.

‘సంగీతానికి మతం లేదు’ అన్న మాట సభావేదికలపై తరచుగా వినిపిస్తుంది. వినడానికి ఇంపైన మాటే. కానీ సంగీతకారునికి పేరుంటుంది, ఊరుంటుంది, కులముంటుంది. ఆ పేరును బట్టే ఒకనాడు పూలదండ, మరొకనాడు అనుమానం ఎదురవుతున్నాయి. సంగీతం రాజకీయాలకు అతీతమని చెప్పడం ఈ వాస్తవాన్ని దాచిపెట్టడమే.

ఉదాహరణ కోసం ఉత్తరాదికి వెళ్లనక్కరలేదు. తెలుగునాట నాదస్వర విద్యను తరతరాలుగా నిలబెట్టినవారిలో నాయీబ్రాహ్మణులతోపాటు దూదేకుల ముస్లింలు ముఖ్యులు. దేవుని ఊరేగింపైనా, పెళ్లి ముహూర్తమైనా వారి సన్నాయి లేనిదే శుభకార్యం సాగని ఊళ్లెన్నో. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా ఆ సంప్రదాయపు బిడ్డ. చిలకలూరిపేట ఆదం సాహెబ్ వద్ద నేర్చుకున్నారు. తంజావూరు బాణీపై మక్కువతో తమిళదేశం వెళ్లి మళ్లీ శిష్యరికం చేశారు. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో నాదస్వరం వినిపించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి ఆయనను వరించాయి. మరుసటి ఏడాదే ఆయన పరమపదించారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు పద్మశ్రీ అందుకున్నారు. పురుషుల విద్యగా భావించే నాదస్వరాన్ని ఒక ముస్లిం మహిళ ఆ స్థాయికి తీసుకువెళ్లడం సామాన్య విషయం కాదు.

ఈ పేర్లను మతసామరస్యానికి నిదర్శనాలుగా చూపడం మన పాలకులకు పరిపాటి. అయితే నిదర్శనంగా నిలబడడం ఒకటి, సమాన పౌరునిగా బతకడం మరొకటి. సత్కార సభలో శాలువా కప్పిన చేతులే ఊళ్లో అద్దె ఇల్లు నిరాకరిస్తే ఆ శాలువాకు విలువేమిటి? పద్మ పురస్కారం అందేది ఏ ఒక్కరిద్దరికో. మిగిలినవారికి ముహూర్తాలున్న నెలల్లోనే సంపాదన. ఊపిరే పెట్టుబడిగా బతికే మనిషికి వయసు మీరి ఆ ఊపిరి తగ్గాక ఆదరువేమిటన్నది ఎవరూ అడగని ప్రశ్న.

పరిస్థితులు మరింత బిగుసుకుంటున్నాయి. 2018లో క్రైస్తవ గీతాలను కర్ణాటక బాణీలో ఆలపించబోయిన గాయకులకు బెదిరింపులు వచ్చాయి. చెన్నైలో ఒక కచేరీ ఆగిపోయింది. అందుకు సమాధానంగా ప్రతినెలా ఏసుపై గాని, అల్లాహ్‌పై గాని ఒక కీర్తన విడుదల చేస్తానని టి.ఎం. కృష్ణ ప్రకటించారు. ఆ నవంబరులో ఢిల్లీలో ఆయన కచేరీ నుంచి నిర్వాహకులు వెనక్కి తగ్గగా, ఢిల్లీ ప్రభుత్వం వేరే వేదిక కల్పించింది. రాగం ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు సమాధానం చెప్పే అధికారాన్ని కొందరు తమంతట తామే చేజిక్కించుకుంటున్నారని ఈ ఘటన చాటింది. 2024 నవంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలి అన్యమతస్థులైన ఉద్యోగులను తప్పించాలని తీర్మానించింది. దేవాలయ ఉద్యోగాల నియమాలపై చర్చ వేరు. కానీ ఆ ధోరణి రేపు ఉత్సవాల మేళగాళ్ల దాకా పాకితే, తరాల అనుబంధం ఒక్క కాగితంతో తెగిపోతుంది.

వేలెత్తి చూపవలసింది బయటివారినే కాదు. సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాల నడుమ శతాబ్దాలుగా సాగుతున్న చర్చ. దానిని తీర్చడం ఈ వ్యాసం పని కాదు. అయితే గుడి ముందు సన్నాయి ఊదుతాడన్న కారణంతో సాటి ముస్లింను చిన్నచూపు చూడడం, వియ్యమందడానికి వెనుకాడడం, దూదేకులను ‘సగం ముస్లిం’లని ఎద్దేవా చేయడం ఏ ధర్మం నేర్పింది? గుడి వద్ద ‘తురకవాడు’, మసీదు వద్ద ‘మేళగాడు’ అనిపించుకునే మనిషి చివరికి ఎక్కడ నిలబడాలి? ఇతరుల నుంచి సమానత్వం కోరే సమాజం ముందు తన పంక్తిలో సమానంగా కూర్చోబెట్టాలి.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ సంగీత కళాశాలల పాఠ్యాంశాలలో తెలుగు ముస్లిం నాదస్వర పరంపరకు తగిన చోటివ్వాలి. వృద్ధ కళాకారులకు బతకడానికి సరిపడే పింఛను సకాలంలో అందాలి. ఇంటింటా మిగిలిన పాత టేపులను, ఫొటోలను, పెద్దల జ్ఞాపకాలను సేకరించి భద్రపరచాలి. ఈ చివరి పనికి ప్రభుత్వం కోసం ఎదురుచూడనవసరం లేదు. ప్రతి పట్టణంలోనూ మన సంఘాలు, మన విద్యావంతులైన యువకులు పూనుకుంటే చాలు.

చిన మౌలానాను గౌరవించిన దేశానికి కృతజ్ఞత చెబుదాం. ఆయన ఊరి పిల్లలు అదే దేశంలో తలెత్తుకు తిరిగే హక్కును మాత్రం కృతజ్ఞతగా కాదు, పౌరసత్వంగా అడుగుదాం.