మనుమడి లాగ్‌బుక్కు

గడచిన మూడు సంచికల్లో ఈ పేజీని పంపుల కంపనానికీ, బేరింగుల ఆయుర్దాయానికీ కేటాయించాను. "ఇది ఇంటిల్లిపాదీ చదివే పత్రిక అన్న సంగతి మీకు గుర్తుందా?" అని మా శ్రీమతి నిలదీసింది. కనుక ఈ మాసం యంత్రాలకు సెలవు. రెండేళ్ళ రెండు నెలల వయస్సు గల మా దౌహిత్రుని గురించి వ్రాస్తాను. కంపనం వీడిలోనూ లేకపోలేదు.

మా అల్లుడు సముద్రం మీద చమురు వేదికపై ఉద్యోగి. 14 రోజులు నీటి మీద, 14 రోజులు ఇంటి దగ్గర. అమ్మాయికి సూరత్ నగరంలోనే ఉద్యోగం దొరకడంతో గత దీపావళి నుంచి వారి కాపురం మా క్వార్టరుకే చేరింది. అల్లుడు ఇంట ఉన్న పక్షం పిల్లవాడు అతని సొత్తు. లేని పక్షం, సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చింది మొదలు, నా సొత్తు.

మొట్టమొదట వచ్చిన చిక్కు భాషతో వచ్చింది. సూరత్ వాసులను గుజరాత్ వారు 'సూర్తీ లాలా' అంటారు. భోజనప్రియులు, సరదా మనుషులు అని భావం. చిన్నపిల్లవాణ్ణి ముద్దుగా పిలవడానికీ 'లాలా' అనే మాటే. ప్రక్క క్వార్టరు గుజరాతీ ఇల్లాలు ప్రహరీ గోడ మీదుగా "లాలా!" అని ఆప్యాయంగా పిలిచేది. మా వాడు తక్షణం మంచం క్రిందికి దూరేవాడు. మన తెలుగిళ్ళలో లాల అంటే స్నానం కదా! ఆవిడ ఏ అపరాధం చేసిందో ఆవిడకు తెలియదు, వీడు ఎందుకు పారిపోతున్నాడో మాకు తెలియదు. కారణం కనిపెట్టింది మా శ్రీమతి. పిలిచినప్పుడల్లా ఒక ఖమణ్ ముక్క చేతిలో పెట్టవలసిందిగా ఆవిడకు సలహా ఇచ్చింది. సమస్య తీరింది కాని, ఇప్పుడు స్నానాలగదిలో ఒంటిమీద చెంబెడు నీళ్ళు పడగానే చేయి చాచి ఖమణ్ అడుగుతున్నాడు.

భోజనాల బల్ల దగ్గర స్టీలు చెంచా క్రింద పడవేస్తాడు. నేను వంగి తీసి ఇస్తాను. మళ్ళీ పడవేస్తాడు. ఒకనాడు లెక్కపెట్టాను: 19 పర్యాయాలు. ఫలితం నిలకడగా వస్తున్నదా లేదా అని చూడటానికి ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చేయాలన్నది మనందరం కళాశాలలో చదువుకున్నదే. అయితే పడే చెంచా వంక వాడు చూడటం లేదని పదో సారికిగాని నేను గమనించలేదు. వాడి దృష్టంతా నా ముఖం మీదే. పరీక్ష గురుత్వాకర్షణకు కాదు, తాతయ్య నడుముకు.

మా గేటు నుంచి పాల బూతుకు రెండువందల మీటర్లు. ఒంటరిగా నాకు మూడు నిమిషాలు చాలు. వాడితో ముప్పావు గంట. దారిలో ఎనిమిది మ్యాన్‌హోల్ మూతలున్నాయి. పన్నెండేళ్ళుగా అదే దారిన నడుస్తున్నాను. వాటిని ఎన్నడూ లెక్కించి ఎరుగను. ప్రతి మూత మీదా రెండు కాళ్ళతో గెంతి, చప్పుడు విని, నా వంక చూసి తల ఊపితేగాని ముందుకు కదలడు. అయిదో మూత చప్పుడు తేడాగా ఉందని కనిపెట్టి దానిమీద అదనంగా గెంతుతాడు. సివిల్ విభాగం మిత్రులు ఒకసారి దయచేసి చూడవలసినదిగా మనవి.

ఒకనాడు ప్రక్కింటి ఆవిడ మా ఇద్దరినీ చూసి నవ్వుతూ, "మూఛాళీ మా!" అన్నది. మీసాల అమ్మ అని అర్థం. నా మీసం మీద పరిహాసమనుకున్నాను. తరువాత తెలిసింది, గుజరాత్ వారు గిజుభాయి బధేకాను పిలుచుకునే పేరది. 1885లో సౌరాష్ట్రలో పుట్టిన గిజుభాయి వృత్తిరీత్యా న్యాయవాది. 1913లో కుమారుడు జన్మించాక, ఈ పిల్లవాణ్ణి ఎలా పెంచాలి అన్న ప్రశ్న ఆయనను పట్టుకున్నది. మాంటిస్సోరి పద్ధతులు చదివాడు, న్యాయవాద వృత్తి విడిచిపెట్టాడు, 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. బెత్తం లేకుండా కథలతో, ఆటలతో చదువు చెప్పాడు. ఆయన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వచ్చింది. ఇంట్లో పసివారున్న మిత్రులు తప్పక చదవాలి. ఇంతటి మార్పుకు మొదలు ఒక తండ్రి తన బిడ్డ వంక నిలబడి చూడటం. అంతటి బిరుదుకు నేను తగను. ఎందుకు తగనో చెబుతాను.

గుజరాతీలో నానా అంటే తల్లికి తండ్రి. సాయంత్రం నా స్కూటరు మలుపు తిరగగానే ప్రక్కింటి ఆవిడ, "నానా ఆవ్యా, నానా ఆవ్యా!" అని వాడికి చెబుతుంది. వాడు ఉన్నపళాన గేటుకు పరుగెత్తుకు వస్తాడు. గేటు దగ్గర నేను ఉంటాను. నా వంక చూస్తాడు, నా వెనుకకు చూస్తాడు, ఖాళీ రోడ్డు వంక చూస్తాడు. ఆ తరువాతే చేతులు చాస్తాడు. ఆ రెండు క్షణాలు నాకు మహా బరువు. వాడు విన్నది నానా కాదు, నాన్న.

ఆ రాత్రి మా శ్రీమతిని అడిగాను: "మన అమ్మాయి ఈ వయస్సులో ఏమేం చేసేది?" 1998లో అమ్మాయికి రెండేళ్ళు. నేను షిఫ్టు ఇంజనీరును. నెలలో మూడోవంతు రాత్రి డ్యూటీలు, పగలు నిద్ర. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది, "మిమ్మల్ని చూస్తే పెదవులమీద వేలు పెట్టుకుని 'ష్' అనేది. నాన్న నిద్రపోతున్నారు, అల్లరి చేయకు అని నేనే నేర్పాను. మీరు మేలుకుని ఉన్నా అలాగే అనేది." ఇరవై ఏడేళ్ళుగా ఈ మాట నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలేదుగా" అన్నది.

మర్నాడు ఒక రూళ్ళ పుస్తకం కొన్నాను. షిఫ్టు మారేటప్పుడు దిగిపోయేవాడు ఎక్కేవాడికి ఏమి జరిగిందో వ్రాసి అప్పగించకుండా కంట్రోల్ రూము దాటి వెళ్ళడు. ముప్పై ఏళ్ళు చేసిన పనే. ఇంటికి వర్తింపజేయాలని తోచలేదు. అల్లుడు సముద్రం మీద ఉన్నన్ని రోజులూ వ్రాస్తున్నాను. ఫోనులో ముఖాలు కనబడతాయి, నిజమే. కాని ఫోను ఎత్తగానే వీడు ఎర్రబొత్తాం నొక్కేస్తాడు. ఆ రోజు సంగతులు ఎవరు చెబుతారు?

కొన్ని నమోదులు మనవి చేస్తాను. "4వ తేదీ, సాయంత్రం 6.15: చీమల వరుసకు దారి ఇచ్చి 11 నిమిషాలు నిలబడ్డాడు. ఒక్కటీ తొక్కలేదు." "7వ తేదీ: కుడి చెప్పు ఎడమ కాలికి. సరిచేయబోగా నిరసన. అలాగే వదిలివేయడమైనది." "9వ తేదీ, ఆదివారం: లింబాయత్ బజారుకు తీసుకువెళ్ళాను. కూరలమ్మే కరీంనగర్ అవ్వ 'బువ్వ తిన్నవా బిడ్డా?' అని అడిగింది. మన ఇంటి మాట బయటివారికి ఎలా తెలిసిందా అని నోరు తెరుచుకుని చూశాడు. తరువాత ఆమె ఒళ్ళో కూర్చుని వంకాయ తొడిమలు లెక్కించాడు. ఒకటి, ఒకటి, ఒకటి."

మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్‌లో చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడిపిస్తున్నది. వాడికి తన భాష ఒక్క మా క్వార్టరుకే పరిమితమైనది కాదని తెలియడానికి ఆ బజారు మంచి చోటు.

ఇక చివరి నమోదు. మా బాల్కనీ నుంచి హజీరా వైపు ఫ్లేర్ మంట కనిపిస్తుంది. రెండో పుట్టినరోజున కొవ్వొత్తి ఆర్పిన నాటి నుంచి వీడు ప్రతి రాత్రీ దానివంక తిరిగి బుగ్గలు పూరించి "ఉఫ్" అంటున్నాడు. అది ఆరదు, ఆరకూడదు కూడా. 12వ తేదీ రాత్రి ఊదాడు. మంట చూస్తుండగానే కుంగి, చిన్న ఎర్రటి చుక్కగా మిగిలింది. వాడు నోరు తెరిచి నా వంక చూశాడు, తరువాత తన రెండు చేతుల వంక చూసుకున్నాడు, తరువాత ఇల్లంతా తిరిగి ఒక్కొక్కరికీ చెప్పి వచ్చాడు. ఆ సాయంత్రం ఒక కంప్రెసరు తిరిగి లైనులోకి వచ్చిన సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. లాగ్‌బుక్కులో ఇలా వ్రాశాను: "రాత్రి 8.40: ఫ్లేర్ తగ్గించబడినది. చర్య తీసుకున్నవారు: మీ అబ్బాయి."

రెండు రోజులకు అల్లుడు దిగాడు. బూట్లు విప్పకుండానే గుమ్మం దగ్గర కూర్చుని, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాడు. 12వ తేదీ దగ్గర ఆగి, జేబులోంచి కలం తీసి, "పరిశీలించాను" అని వ్రాసి సంతకం చేశాడు.